పదిహేడో పలక

"చేతికి పట్టీ కట్టించుకో పెద్దాయనా. పట్టీ లేనివాళ్ళని లోపలికి వదలను."

గేటు దగ్గర కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. వాడి చొక్కా మీద పండగ గుర్తు అచ్చేసి ఉంది. జమ్ము పడవ మీద గుర్రమెక్కినట్టు కూర్చుని అల దిగుతున్న జాలరి.

నికానోర్ భుజం మీదున్నదీ జమ్ము పడవే. బొమ్మ కాదు, అసలుది.

"నా సముద్రంలోకి పోడానికి నాకు పట్టీ ఏంట్రా?"

"రూలు."

పుంటా గార్సా అనే జాలర్ల ఊళ్ళో అలల పండగ ఇలా మొదలైంది. నీళ్ళలో సర్ఫింగ్ పందాలు, వీధిలో స్కేట్‌బోర్డులు, ఇసుకలో పాటలు, గోడల మీద బొమ్మలు. మూడు రోజులు. ఊరందరి పండగ అని బ్యానర్ కట్టారు. ఆ బ్యానర్ హోటల్ వాళ్ళది.

హోటల్ వాళ్ళదే దడి కూడా. మార్చిలో ఊరికీ ఇసుకకీ మధ్య కట్టారు. రెండు పక్కలా హోటల్ ప్రహరీ, మధ్యలో ముప్పై ఒక్క చెక్క పలకలు. ఒక్కోటి మనిషి కంటే ఎత్తు, బారెడు వెడల్పు. తాతల నాటి నుంచి పడవలు దిగే దారి సరిగ్గా పదిహేడో పలక కింద పోయింది. ఇప్పుడు కిలోమీటరున్నర చుట్టు తిరిగి గేటులోంచి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు ఎలాగో వెళ్ళొచ్చు. వచ్చేటప్పుడు జమ్ము నీళ్ళు తాగి రెండింతల బరువు తూగుతుంది. నికానోర్‌కి అరవై ఎనిమిదేళ్ళు. కుడి భుజం పుండయింది.

"ఈ నెలతో సరి. పడవని పొయ్యిలో పెట్టేస్తా" అన్నాడు కూతురితో.

కూతురు దొమితీలా బజార్లో చేపలు కోస్తుంది. దారి కోసం నాలుగు అర్జీలు పెట్టింది. నాలుగింటికీ ఒకటే జవాబు. పరిశీలనలో ఉంది.

మొదటిరోజు పొద్దున హోటల్ మేనేజరు సల్దీవార్ మైకు పట్టుకున్నాడు. ఇతన్ని ఇంజనీరు గారూ అనకపోతే తల తిప్పడు.

"సముద్రం అందరిదీ! ఈ దడి కూడా మీదే! వీధివైపు మీ సముద్రం బొమ్మ వేయండి. గెలిచిన పలక దడి ఉన్నంతకాలం అలాగే ఉంటుంది. ఎవరూ చెయ్యి పెట్టరు. సంతకం చేసి ఇస్తా!"

దారి లాక్కుని రంగు డబ్బాలిచ్చాడు. దానికి చప్పట్లు.

దొమితీలా పేరు రాయించుకునే బల్ల దగ్గరికి వెళ్ళింది.

"పదిహేడోది నాకు."

"దాని పక్కనే స్కేట్‌బోర్డుల ర్యాంపు అక్కా. చెవులు చిల్లులు పడతాయి. అందుకే ఎవరూ తీసుకోలేదు."

"పడనీ."

"రంగులు?"

"నా సామాను నాకుంది."

పలకకి ముందూ వెనకా టార్పాలిన్ కట్టేసి లోపల దూరింది. రెండు రోజులు బయటికి రావడమే గగనం. అవతల చక్రాల గరగర, ఇవతల డప్పులు. పక్కవాడు అరిచినా వినపడదు.

పద్దెనిమిదో పలక మీద మెల్చోరా జలకన్యని దిద్దుతోంది. దొమితీలా కొడుక్కి జ్ఞానస్నానంలో పేరు పెట్టిన మనిషి. నోరు ఊరుకోదు.

"ఏం వదినా, ఆ గుడ్డ వెనక బొమ్మ వేస్తున్నావా, కాపురం పెట్టావా?"

"రెండూ."

"చేపలు కోసే చేతికి బొమ్మలెప్పుడొచ్చాయే? ఏదీ, చూపించు." చెయ్యి లాక్కుని తిప్పి చూసింది. "ఒక్క రంగు చుక్క లేదు. ఈ బొబ్బలేంటి? కుంచె పట్టుకుంటే బొబ్బలొస్తాయా?"

"కొత్త కదా."

మూడోరోజు మధ్యాహ్నం న్యాయనిర్ణేత వచ్చింది. రాజధాని లీమా నుంచి రెనాటా అనే చిత్రకారిణి. నెత్తిన పెద్ద టోపీ. డాల్ఫిన్లు, సూర్యాస్తమయాలు, మళ్ళీ డాల్ఫిన్లు. పదహారు పలకల ముందూ కాలు నిలవలేదు.

పదిహేడు దగ్గర దొమితీలా టార్పాలిన్లు రెండూ పైకి చుట్టింది.

సముద్రపు గాలి రివ్వున వీధిలోకి కొట్టింది. ఎవరో కిసుక్కుమన్నారు. నికానోర్ టోపీ తీసి గుండెకి పెట్టుకున్నాడు.

రెనాటా కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. టోపీ ఎగిరిపోకుండా చేత్తో పట్టుకుంది.

"ఎన్నాళ్ళు పట్టింది?"

"రెండ్రోజులమ్మా. మనసులో మార్చి నుంచీ ఉంది."

"ఇంకేమైనా చేర్చాలనుందా?"

"ఎవరూ ఏదీ చేర్చకుండా ఉంటే చాలు."

రెనాటా రాసుకుంది. దొమితీలా టార్పాలిన్లు దించేసింది.

"నా జలకన్య మొహాన మసి పూశావు కదే" అని మెల్చోరా గొణిగింది. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

సాయంత్రం ఇసుకలో వేదిక. రెనాటా మైకు తీసుకుంది.

"ముప్పై పలకల మీద సముద్రాన్ని వేశారు. నాకు సముద్రం కనిపించింది మాత్రం ఒక్కచోటే. పదిహేడు."

సల్దీవార్ మూడు రోజులూ అతిథుల గుడారంలో కూర్చుని నిమ్మరసంలో ఊరిన చేపముక్కలు తింటూనే ఉన్నాడు. దడి మొహం చూడలేదు.

"ఒకసారి చూసొస్తారా?" అంది రెనాటా.

"చూడ్డమెందుకండీ? కళ విషయంలో మీ మాటే మా మాట!"

కాగితం పైకెత్తి గట్టిగా చదివాడు. "పదిహేడో పలక ఈ రోజు ఎలా ఉందో ఎప్పటికీ అలాగే ఉంటుంది. మార్చకూడదు. కప్పకూడదు." సంతకం గీకాడు. ముద్ర గుద్దాడు. దొమితీలా భుజం మీద చెయ్యేసి ఫొటోకి నవ్వాడు.

"మీలాంటివాళ్ళలో ఇంత కళ ఉందని ఎవరికి తెలుసు!"

"అంతా మీ దడి చలవే ఇంజనీరు గారూ" అంది దొమితీలా. కాగితాన్ని చేపల కవర్లో చుట్టి రవికలో దోపుకుంది.

మర్నాడు తెల్లవారుతూనే నికానోర్, అతని వెనక మరో తొమ్మిదిమంది జాలర్లు, చేతికి పట్టీ లేకుండా, భుజాల మీద జమ్ము పడవలతో, ఒకరి తర్వాత ఒకరు చట్రం తప్ప చెక్కే మిగలని ఆ బహుమతి బొమ్మలోంచి నడుచుకుంటూ వెళ్ళి సముద్రంలో దిగారు.