నాలుగో ముక్క

ఆచారాల సంగతి రాజేశాన్ని దాటి ఎవరూ చెప్పలేరు. ఖతర్‌లోని మెసయీద్ లేబర్ క్యాంపులో అందరూ ఒప్పుకున్న మాట అది. ఒప్పుకోనివాళ్లను ఆయనే ఒప్పించేవాడు.

అలాంటి రాజేశానికి ఒక్క సంగతి మాత్రం అంతు చిక్కలేదు.

ఎండాకాలంలో స్కాఫోల్డింగ్ మీద నుంచి పడినప్పుడు, దవాఖానాలో తనకు నెత్తురిచ్చింది ఎవరు?

ఆ రోజు బండిలో తీసుకెళ్లిన డ్రైవర్ ఫసీయుద్దీన్‌కు తెలుసు. ఆయనేమో ఆ వారమే సెలవు మీద ఊరెళ్లాడు. ఖతర్ నంబరు అక్కడ మోగదాయె.

ఇంటి నుంచి భార్య గౌరవ్వ ఫోన్ చేసినప్పుడల్లా అదే పోరు. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆమెకు దుబాయే.

"దుబాయ్‌ల మనకొక సుట్టం పుట్టిండు. ఆయనకు ఒక్క పూట బువ్వ పెట్టకుంట ఎట్లుంటున్నవయ్యా?"

"ఫసీ భాయ్‌ని రానియ్యే. దొరకబట్టి నా చేత్తోని తినిపిస్త."

భాద్రపద పున్నమి నాడు డ్యూటీ దిగి వస్తుంటే, పక్క బ్లాకులో ఉండే వెల్డర్ లియాంగ్ చెయ్యి పట్టుకుని మరీ ఆపాడు. చైనా పెద్దమనిషి. ఎదురుపడితే నవ్వడం తప్ప పెద్దగా పరిచయం లేదు. తెల్లారితే ఇంటికి విమానమట, ఇక తిరిగి రాడట.

గది ముందు చిన్న బల్ల. దాని మీద పండ్లు, ఊదుబత్తులు, పైన పువ్వు అచ్చు వేసిన గుండ్రటి కేకు. చంద్రుడు అప్పుడే పైకొస్తున్నాడు.

సైట్లలో నేర్చుకున్న వచ్చీరాని హిందీలో లియాంగ్ చెప్పసాగాడు. పంట చేతికొచ్చే రోజుల్లో వచ్చే పున్నమి ఇదట. తాతముత్తాతల నాటి నుంచి చంద్రుడికి పెట్టి, ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుంటారట.

చెబుతూనే కేకును నాలుగు ముక్కలు కోశాడు. ఒకటి తనది. రెండు ముక్కలను ఎవరూ లేని కుర్చీల ముందు ఉంచాడు. నాలుగోది రెండు చేతులతో రాజేశానికి అందించి, ఇంకా ఏదో చెప్పబోయాడు.

"మాలూమ్ భాయ్, మాలూమ్," అన్నాడు రాజేశం.

తెలియకేం! రేపటి నుంచి పెద్దలకు పెట్టే పక్షం. ఊదుబత్తులు, ఖాళీ కుర్చీలు, పళ్లెంలో ముక్క. పోయినవాళ్ల పేరున పెట్టింది మనం తింటామా, ఏమన్నానా? వద్దంటే పాపం ముసలాయన నొచ్చుకుంటాడు.

కళ్లకద్దుకుని తీసుకున్నాడు. మలుపు తిరిగాక ఆ ముక్కను ప్రహరీ గోడ మీద పెట్టి, దండం పెట్టుకుని వెళ్లిపోయాడు.

పొద్దున చూస్తే గోరింకలు ఒక్క పలుకు కూడా మిగల్చలేదు. లియాంగ్ పెద్దలు తృప్తిగా తిని పోయారనుకున్నాడు.

మధ్యాహ్నం ఫసీయుద్దీన్ ఎయిర్‌పోర్టు నుంచి బండి తెచ్చి ఆపాడు. సెలవు నుంచి వచ్చాక అదే మొదటి డ్యూటీ అట. దిగనివ్వకుండానే, నెత్తురిచ్చింది ఎవరని రాజేశం అడిగాడు.

"ఇప్పుడే విమానమెక్కించి వస్తున్న గదన్నా, లియాంగే. ఆ రోజు గేటు కాడ నా బండెక్కి, తన నెత్తురు తీసుకోమని చెయ్యి చాపిండు. నీకు చెప్తనన్నడు, చెప్పలేదా?"

చెప్పబోయాడు. రాజేశమే చెప్పనివ్వలేదు.

ఆ కేకు సంగతేమిటని అడిగాడు.

"ఇంట్ల ఎంతమంది ఉంటే అన్ని ముక్కలు కోస్తరట. దూరమున్నోళ్లకు సుత పక్కకు పెడ్తరట. ఆయన, భార్య, బిడ్డ, ఇన్నేండ్లు ముగ్గురేనంట."

ఫసీయుద్దీన్ నవ్వాడు.

"'నా నెత్తురున్నోడు మా ఇంటోడే, ఈసారి నలుగురమైనం, రాజేశం తన ముక్క తీసుకున్నడు' అని తొవ్వ పొడుగునా ఒకటే సంబురపడ్డడన్నా."