ముత్యాలి అడిగిన ప్రశ్న

నల్లమడుగు బాతుల్లో మూడేళ్లుగా ఒక్క గుడ్డూ పిల్ల కాలేదు. ఆ ఉదయం గుంపంతా ముత్యాలి అనే ఆడబాతును చుట్టుముట్టింది.

"దీని దోషమే మనందరికీ తగిలింది. దీన్ని తరిమేస్తేనే మన వంశం నిలుస్తుంది," అన్నాడు గుంపు పెద్ద బుస్సయ్య. మగబాతులు ముక్కులు చాచి ముందుకొచ్చాయి.

ముత్యాలి అడిగింది. "పోయినేడు ఇదే మాట చెప్పి మా అక్కను తరిమారు. ఆ తర్వాత ఎవరి గుడ్డయినా పిల్లయ్యిందా మామా? పత్తిచేలకు కొట్టే మందు మన మడుగులోకి దిగుతోంది. తాతల కాలం నుంచీ మనలో మనమే జతకడుతున్నాం. లోపం మగవాళ్లలోనూ ఉండొచ్చు. అసలు కారణం నాకూ తెలీదు. వెతుకుదాం."

"నోర్ముయ్!" అంటూ బుస్సయ్య ఆమె మెడ మీద పొడిచాడు.

అప్పుడు అతని భార్య రంగమ్మ పక్కనే ఉన్న గూట్లోంచి లేచింది. నలభై రోజులుగా ఆమె పొదుగుతున్న గుడ్డు దొర్లి, రాయికి తగిలి పగిలింది. కుళ్లు వాసన గుప్పుమంది.

"నా గుడ్డూ మురిగిపోయింది. నన్నూ తరుముతావా?" అంటూ ఆమె వెళ్లి ముత్యాలి పక్కన నిలబడింది. ఒక్కొక్కటిగా ఆడబాతులన్నీ అటే నడిచాయి.

బుస్సయ్య పగిలిన పెంకు వైపు చూశాడు. తల దించి, "వెతకండి. ముందు నాతోనే మొదలుపెట్టండి," అన్నాడు.