పొద్దుటి అబద్ధం

“వాడేడి? ఇంకా లేవలేదా?” అన్నాడు భర్త, టీ కప్పు అందుకుంటూ.

ప్రొఫెసరైన భార్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ ఇంట్లో మాట వినిపించి చాలా రోజులైంది. ఈతకని వెళ్లిన కొడుకు నదిలోంచి ప్రాణాలతో తిరిగి రాలేదు. ఒడ్డున పడుకోబెట్టిన పిల్లాణ్ణి గుర్తుపట్టింది ఈ తండ్రే.

ఆమె యూనివర్సిటీలో జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేస్తుంది. దుఃఖం మనిషి మెదడునెలా కుదిపేస్తుందో ఎన్నో చూసింది. మరిచిపోయినవాళ్లకి చావుకబురు మళ్లీ చెబితే, వాళ్లకది మళ్లీ కొత్త చావేనని ఆమెకు బాగా తెలుసు.

“ప్రాక్టీసుకి వెళ్లాడండీ,” అంది. “పిలవకుండానే లేచాడు.”

“మనవాడే? సూర్యుడు పడమట గానీ పొడిచాడా!”

ఆమెకు నవ్వొచ్చింది. తన నవ్వుకి తనే తుళ్లిపడింది.

మర్నాడూ అడిగాడు. ఆ మర్నాడూ అడిగాడు. ఆమె రోజుకో కబురు అల్లేది. వాడు కోచ్‌తో గొడవపడ్డాడు. జుట్టుకి రంగేయించుకుంటానని పేచీ పెట్టాడు. బూట్లు ఎక్కడో పారేసుకొచ్చాడు.

“అంతా నీ గారాబం,” అని ఆయన విసుక్కునేవాడు.

“మీరు ఆ వయసులో ఏం వెలగబెట్టారో మీ అక్కయ్యని అడగనా?” అని ఆమె కొడుకుని వెనకేసుకొచ్చేది. ఆ వాదనలో పడి, కంచంలో ఉన్నది తెలియకుండానే తినేసేది.

తర్వాత యూనివర్సిటీకి వెళ్లి, కారు దిగకుండా స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చేది. కళ్లు తుడుచుకుని ల్యాబ్‌లోకి నడిచేది.

“ఇలా ఎన్నాళ్లు మేడం? నలిగిపోతున్నారు,” అంది ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ.

“ఆయన మనసులో ఒక్కచోటైనా వాడు బతికున్నాడమ్మా. అక్కడ కూడా వాణ్ణి చంపమంటావా?”

పరీక్షలంటే ఆయన ఏదో ఒక వంక పెట్టి తప్పించుకునేవాడు. చివరికి ఆమె పట్టుబట్టి తీసుకొచ్చింది. సొంత మనిషిని తను పరీక్షించకూడదు కాబట్టి, డాక్టరమ్మకి అప్పగించి క్లాసుకి వెళ్లింది.

స్కాన్‌లో ఏ లోపమూ కనిపించలేదు. డాక్టరమ్మ కొన్ని బొమ్మలు చూపించింది. కాసేపాగి, వాటిని కొత్త బొమ్మలతో జతలుగా పెట్టి, ఇందాక చూసింది ఏదో చెప్పమంది. ప్రతి జతలోనూ ఆయన కొత్త బొమ్మ మీదే వేలు పెట్టాడు.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టేసింది.

“అంకుల్, నిజంగా గుర్తులేనివాళ్లు గుడ్డిగా చెప్పినా సగం దాకా కలుస్తాయి. ఒక్కటీ కలవకుండా చెప్పాలంటే అన్నీ గుర్తుండాలి.”

ఆయన తల దించుకున్నాడు. లేచి వెళ్లి తలుపు తీసి వరండా అంతా చూశాడు. భార్య లేదని రూఢి చేసుకుని, తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు.

“మొదటిరోజు అలవాటుకొద్దీ నోరు జారానమ్మా,” అన్నాడు. మూసిన తలుపు వైపు మరోసారి చూశాడు.

“వాడు పోయాక మీ మేడం నోరు విప్పింది, నవ్వింది, కడుపుకింత తిన్నది ఆ పూటే, అందుకే రోజూ గుర్తుపెట్టుకుని మరీ మరిచిపోతున్నాను.”