మూడు రోజుల పట్టిక

అత్తగారు రాసిన పట్టికను డాక్టరమ్మ రెండుసార్లు చదివింది. మూడు రోజులలో ఏ వేళకు మూత్రానికి వెళ్ళిందీ, ఎంత వచ్చిందీ, దగ్గితే ఎన్ని చుక్కలు జారిందీ అంతా ముత్యాలవంటి అక్షరాలలో ఉంది. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో ఇతరుల తప్పులు దిద్దిన చెయ్యి అది.

ఆరు నెలలుగా ఆవిడ ప్రెస్సుకు వెళ్ళడం లేదు. ఇంటికి తెప్పించుకున్న పుట ముందు గంటసేపు కూర్చుని, ఒక్క అక్షరమైనా దిద్దకుండా స్నానాలగదిలోకి వెళ్ళేవారు. కుళాయి తిప్పి, ఎంతకీ వచ్చేవారు కాదు. చుట్టాల ఇళ్ళు మానేశారు. మందుల దుకాణంలో పనిచేసే కోడలు కారణాన్ని తానే ఊహించి, మూత్రం జారుతోందా అని మెల్లగా అడిగింది. అత్తగారు కాసేపు ఆలోచించి అవునన్నారు.

డాక్టరమ్మ వివరించింది. శరీరంలో సెరటోనిన్ అనే పదార్థముంది. వెన్నుపాము అడుగున దాన్ని అందుకునే గ్రాహకాలు మేలుకుంటే, మూత్రద్వారాన్ని బిగించే నరాలకు బలం వస్తుంది. ఆ పని చేసే మాత్ర ఉంది, కాని ముందు వ్యాయామాలతో చూడవచ్చు. దిగులుకు ఇచ్చేదీ ఈ మాత్రేనని చివర చేర్చింది.

అంతవరకూ నేలచూపులు చూస్తున్న అత్తగారు తలెత్తారు.

"మాత్ర కూడా ఇవ్వండి."

ఇంట్లో ఈ సంగతి విని మామగారు పెదవి విరిచారు.

"దిగులుకు మందేమిటి? పనీపాటా లేనివాళ్ళకొచ్చే జబ్బది."

"ఇది ఒంటికి, మామయ్యా."

"ఒంటికైతే సరే."

మూడు నెలలు గడిచాయి. దిద్దిన పుటలు మళ్ళీ ప్రెస్సుకు చేరుతున్నాయి. వంటింట్లోంచి కూనిరాగం వినిపిస్తోంది. ఒళ్ళెక్కడ ముగుస్తుందో, మనసెక్కడ మొదలవుతుందో ఎవరు గీత గీయగలరు? ఒంటికిచ్చిన మందు దారిలో మనసునూ పలకరించి ఉంటుందనుకుంది కోడలు.

ఒక సాయంత్రం సంతోషంగా వచ్చి చెప్పింది. "అత్తయ్యా, చుక్క కూడా జారడం లేదుగా. ఇక మాత్ర కొద్దికొద్దిగా తగ్గించి ఆపేద్దామన్నారు డాక్టరమ్మ."

అత్తగారి కలం ఆగింది. లేచి, మామగారు కూర్చున్న ముందుగది తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"ఆపొద్దమ్మా."

"మళ్ళీ మొదలవుతుందని భయమా? వ్యాయామాలు చేస్తున్నారుగా."

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకున్నారు.

"నాకసలు ఎప్పుడూ జారలేదే."