గేటు దగ్గర గుమ్మడికాయ

తయారైన కార్లు వాటంతటవే కొన్నవాళ్ల ఇళ్లకు వెళ్లిపోయే రోజులొచ్చాక, కార్ల ఫ్యాక్టరీకి తన సొంత రైలుతో పని లేకుండా పోయింది. అయిదేళ్లుగా అది ఖాళీ పెట్టెలతో స్టేషన్‌దాకా వెళ్లొస్తోంది. అది దాటేదాకా కొత్త కార్లు రైలు గేటు దగ్గర బుద్ధిగా నిలబడేవి.

ఆఖరి ట్రిప్పు రోజున డ్రైవరు మద్దిలేటి ఇంజనుకు దండ వేశాడు. గేట్‌మన్ ఓబులేసు దిష్టి తీసి, కుంకుమ కూరిన గుమ్మడికాయను గేటు ముందు నడిరోడ్డు మీద పగలగొట్టాడు.

ఆ ఎర్రటి ముక్కలు చూసి మొదటి కారు ఆగిపోయింది. ఎవరో చచ్చిపోయారని దాని లెక్క. వెనకున్న నాలుగువందల కార్లూ ఆగాయి. దేనికది విడిగా అంబులెన్సును పిలిచింది. ఊడ్చే యంత్రం వచ్చి, పోలీసులు రానిదే శవాన్ని ముట్టుకోనంది.

మేనేజరు శశిధర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏంటయ్యా ఈ మూఢనమ్మకాలు? ముందు అది తియ్!"

"నేనెట్ల తీస్తా సార్? మనుషులతో పనిల్యాదని పొద్దున్నే నన్ను తీసేస్తిరి గదా" అన్నాడు ఓబులేసు. "మీరే కాలితో పక్కకు నెట్టండి."

శశిధర్ బూటు ముందుకు చాపాడు. దిష్టి తొక్కకూడదని గుర్తొచ్చి టక్కున వెనక్కి తీసుకున్నాడు.

సాయంత్రానికి కార్లన్నిటినీ వెనక్కి మళ్లించి రైలెక్కించారు. రైలును ఆపేసే ఉత్తర్వు ప్రస్తుతానికి వాయిదా పడింది.

మర్నాడు ఓబులేసు పట్టాల వెంబడి గుమ్మడి గింజలు నాటాడు.