బోర్లేసిన పుట్టి

జిందగీల పడవ ఎక్కని సారు, సిరిసిల్ల అవతల చెరువు ఒడ్డున పడవల మ్యూజియం పెట్టిండు. తెడ్లకు పెయింటు, పడవలకు ప్లాస్టిక్ పూలు. నేను గా మ్యూజియంకు వాచ్‌మన్‌ను.

మొన్న చెరువు కాడి మొగిలవ్వ ఇంటి నుంచి ఆమె పెనిమిటి పుట్టిని తెచ్చిండ్రు. వెదురుతోని అల్లిన గుండ్రటి పడవ. ఆయన దాంట్లనే చేపలకు పోయి మళ్ల రాలే. పుట్టి ఒక్కటే ఒడ్డుకచ్చింది.

"దీన్ని ఎల్లెలకల ఉంచద్దు సారు, ఎవలో ఒకలు ఎక్కి కూసుంటరు," అన్నది మొగిలవ్వ. "బోర్లెయ్యిండ్రి. ఏసే ముందు తెడ్డుతోని అంచు మీద మూడుసార్లు కొట్టుండ్రి. లోపలున్నోళ్లు దిగుతరు."

సారు పకపక నవ్వి, సెల్ఫీలకు మంచిగుంటదని ఎల్లెలకలనే పెట్టిచ్చిండు. నేను గూడ నవ్విన. జీతమిచ్చేటోడు నవ్వితే నవ్వాలె గదా.

రాత్రి ఎనిమిదింటికి సారు ఫోన్ చేసిండు. ఇంట్ల కూసొని సీసీ కెమెరా చూసుడు ఆయనకు సీరియల్ లెక్క.

"ఖాలిద్, పుట్టిల ఎవడ్రా కూసున్నది? దింపు!"

పోయి చూసిన. అడుగున తడి తప్ప ఏం లేదు.

"ఎవ్వలు లేరు సార్."

"కండ్లు కనవడ్తలేవా? నీ దిక్కే చూస్తుండు!"

నాకు మండింది. ఫోన్ స్పీకర్ పెట్టి జేబులేసి, పుట్టిని రెండు చేతులతోని లేపి ధడేల్మని బోర్లేసిన. మనిషంత బరువున్నది.

"ఇగ ఎట్ల కూసుంటడో చూడుండ్రి సార్!"

గోడ దిక్కు మళ్లిన.

తెడ్డు గోడకే ఉన్నది. నేను కొట్టనేలేదు.

పుట్టి లోపటి నుంచి, అంచు మీద, ఎవలో మెల్లగ కొట్టిండ్రు. ఒకటి. రెండు. మూడు.