కీచురాళ్ళ సాక్ష్యం

"ష్... ఎవరూ మాట్లాడకండి," అన్నారు పురుగుల మాస్టారు, గట్టు మీద కళ్ళు మూసుకుని నిలబడి.

ఎదురుగా మనిషెత్తు గడ్డి. అంతా ఒకే రకం. బస్సులకు పోసే ఇంధనం తీయడానికి నిరుడు ఓ కంపెనీ వేసింది. అంతకు ముందు అక్కడ పచ్చిక బయలు ఉండేది. రకరకాల గడ్డీ పూలూ కలగాపులగంగా పెరిగేవి. సగం దున్నేశారు. మిగతా సగం సంగతి మాస్టారి మాట మీద ఉంది. కొత్త గడ్డిలో కూడా పురుగులు బతుకుతున్నాయంటే ఆ సగమూ దున్నేస్తారు. లేవంటే వదిలేస్తారు.

మాస్టారు వలలు వేయరు, సీసాలు పట్టరు. రొద విని చెప్పేస్తారు. ఆ చెవికి అనుమతులిచ్చే కమిటీలన్నీ దణ్ణం పెడతాయి. ఏళ్ళ తరబడి ఏ బయలుకి వెళ్ళినా "ఏమీ లేవు" అనే చెప్పాల్సి వచ్చింది. చెప్పీ చెప్పీ మనసు మొద్దుబారిపోయింది. కోపం రాదు, ఏడుపూ రాదు.

ఈ రోజు మాత్రం వినిపించాయి. సన్నగా, తెరిపి లేకుండా. సంతోషించాలనుకున్నారు గానీ అదీ రాలేదు.

"విన్నావా?" అన్నారు మేనకోడలితో.

"నాకేం వినపడట్లేదు మామయ్యా."

"పొద్దస్తమానం ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఏం వినపడుతుందిలే!"

కంపెనీ మేనేజరు పకపకా నవ్వాడు. "మీకు వినపడితే చాలు మాస్టారూ. మీ మాటే మాకు వేదం."

"ఉన్నాయి. కీచురాళ్ళు బోలెడున్నాయి," అన్నారాయన.

వారం తిరక్కుండానే మిగతా సగంలోకి ట్రాక్టర్లు దిగాయి. మేనకోడలు చూడలేక మొహం తిప్పేసుకుంది. మాస్టారికి ఏమీ అనిపించలేదు.

ఆ సాయంత్రం ఆయన భార్య చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

"ఈ చెవికేమిటే రోగం? లోకమంతా నమ్ముతుంటే!"

"లోకం సంగతి నాకు తెలీదు. మీ టీవీ మోతకి నా తల పగిలిపోతోంది. పదండి."

పరీక్ష చేసే అమ్మాయి ఆయన్ని మెత్తటి గోడలున్న ఇరుకు గదిలో కూర్చోబెట్టింది.

"ఇందులోకి బయటి చప్పుడు ఇసుమంత కూడా రాదండీ. మిషను నేనింకా పెట్టలేదు. పెట్టాక ఏదైనా వినపడితే చెయ్యెత్తండి."

తలుపు బిగుసుకుంది. ఆ రోజు గట్టు మీద విన్న కీచురాళ్ళే, అదే రొదతో, మళ్ళీ మొదలయ్యాయి.